మన సినిమాల చిట్టా మనమే తెరవాలి

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఎప్పుడు విడుదలైందంటే దశాబ్దాల పాటు అందరూ చెప్పిన జవాబు ఒక్కటే: 1931 సెప్టెంబర్ 15. వ్యాసాల్లో అదే తేదీ, సభల్లో అదే తేదీ. పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ పాత ఆధారాలు తవ్వి తీశాక వేరే సంగతి తేలింది. బొంబాయిలో ఆ చిత్రం సెన్సారైందే 1932 జనవరి 22న. విడుదలైంది ఫిబ్రవరి 6న, బొంబాయిలోని కృష్ణా థియేటర్‌లో. సెన్సారే కాని బొమ్మ నాలుగు నెలల ముందే ఎలా ఆడింది? ఈ ప్రశ్న ఇన్నేళ్లు మరుగున పడి ఉండటానికి కారణం మన అలవాటే. తేదీ రాస్తాం, అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయం. ఒకరు రాసింది మరొకరు ఎత్తి రాసుకుంటారు. పదిమంది రాశాక అదే చరిత్ర అవుతుంది.

తెలుగు సినిమాకు ఊపిరి ఇప్పుడు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. ఫిల్మ్ ఛాంబర్ అక్కడే ఉంది, రామానాయుడు స్టూడియో అక్కడే ఉంది. టైటిల్ రిజిస్ట్రేషన్ మొదలు ప్రీ రిలీజ్ హడావిడి దాకా అన్నీ ఆ చుట్టుపక్కలే జరుగుతాయి. అయినా తెలుగు సినిమాల వివరాలన్నీ ఆధారాలతో సహా ఒకేచోట, ఎవరైనా వెతుక్కుని దించుకునేలా, పరిశ్రమ తన పేరుతో పెట్టిన డేటాబేస్ మనకు లేదు. ఇది తీరని లోటు. తీర్చలేని లోటు మాత్రం కాదు.

మన సినిమాల సమాచారం ఇవాళ ఎవరి దగ్గరుంది? ఇంగ్లండ్‌లో కోల్ నీధమ్ అనే సినిమా అభిమాని 1990లో మొదలుపెట్టిన ఐఎండీబీలో ఉంది. దాన్ని 1998లో అమెజాన్ కొనేసింది. 2003 డిసెంబర్‌లో పుట్టిన తెలుగు వికీపీడియాలో ఉంది, అదంతా జీతం భత్యం లేని వాలంటీర్ల శ్రమ. 2013లో వచ్చిన ఇండియన్‌సినీ.మా అనే ఆన్‌లైన్ భాండాగారంలో కొంత ఉంది. దానికి పునాది ఆశిష్ రాజాధ్యక్ష, పాల్ విల్లెమన్ కూర్చిన భారతీయ సినిమా విజ్ఞాన సర్వస్వం. వీళ్లందరికీ దండం పెట్టాల్సిందే. కానీ సొంతింటి లెక్క బయటివాళ్ల దయ మీద ఎన్నాళ్లు నడుపుతాం?

ఈ మాట ఎత్తితే వెంటనే వచ్చే జవాబు, ‘సాఫ్ట్‌వేర్‌కు కోట్లు కావాలి’ అని. అది నిజం కాదు. రిచర్డ్ హిప్ 2000లో తయారుచేసిన ఎస్‌క్యూలైట్‌కు లైసెన్సు ఫీజు లేదు, డేటాబేస్ అంతా ఒకే ఫైలు. సైమన్ విల్లిసన్ 2017లో విడుదల చేసిన డేటాసెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫైలు చూపిస్తే పట్టికలన్నీ వెబ్‌పేజీలై తెరుచుకుంటాయి. సంవత్సరం వారీగా, దర్శకుడి వారీగా వడకట్టుకోవచ్చు. సీఎస్‌వీగా దించుకోవచ్చు, ఇంకో ప్రోగ్రామ్ చదువుకునేలా జేసన్‌గానూ తీసుకోవచ్చు. పనిలో పదిమంది ఒకేసారి కూర్చుంటే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఉంది, అదీ ఉచితమే. చేయి తిరిగిన కుర్రాడు ఒక రోజులో సర్వర్ మీద నిలబెట్టగలడు. అసలు కష్టం ఆ పట్టికల్లో ఏ గడి పెట్టాలో తేల్చుకోవడంలో ఉంది.

‘కాళిదాస్’నే తీసుకోండి. 1931 అక్టోబర్ 31న వచ్చింది, హెచ్.ఎం.రెడ్డి దర్శకుడు. హీరోయిన్ టి.పి.రాజలక్ష్మి తమిళం మాట్లాడితే హీరో తెలుగులో మాట్లాడాడు. ‘భాష’ అని ఒకే గడి పెడితే ఏం రాస్తాం? సినిమాకూ భాషకూ మధ్య వేరే పట్టిక ఉండాలి, ఒక సినిమాకు ఎన్ని భాషలైనా రాసుకునేలా. 1957 నాటి ‘మాయాబజార్’ది ఇంకో చిక్కు. తెలుగులో అభిమన్యుడు అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. పేరు ఒకటే, కృష్ణుడు ఒకరే, సినిమాలు మాత్రం రెండు. ఇక ‘భక్త ప్రహ్లాద’లు 1932, 1942, 1967ల్లో వచ్చాయి. ‘దేవదాసు’లు 1953, 1974, 2006ల్లో. అందుకే ప్రతి సినిమాకు, ప్రతి మనిషికి ఎప్పటికీ మారని ఒక నంబరు ఇవ్వాలి. నందమూరి తారక రామారావు అని రాస్తే తాత ఎవరో మనవడు ఎవరో కంప్యూటర్‌కు తెలిసేది ఆ నంబరు వల్లే.

తర్వాత లిపి. పేర్లు ముందు తెలుగులో ఎక్కాలి, ఇంగ్లిష్ స్పెల్లింగులు ఎన్ని ఉన్నా పక్క పట్టికలో చేరాలి. ఇక్కడ కంటికి కనపడని ఒక తిరకాసు ఉంది. ‘రామ్‌చరణ్’ అని టైప్ చేసేటప్పుడు మ్, చ కలిసిపోకుండా మధ్యలో ఒక అదృశ్య అక్షరం వేస్తాం. ఒకరు వేసి, ఒకరు వేయకుండా ఎక్కిస్తే కంప్యూటర్‌కు ఇద్దరు నటులైపోతారు. సగం సినిమాలు ఒకరి ఖాతాలో, సగం మరొకరి ఖాతాలో పడతాయి. చూపించే పేరులో ఆ అక్షరం ఉంచి, వెతికే గడిలో తీసేయాలి. పాత మైఎస్‌క్యూఎల్‌లో సెట్టింగు మార్చకుండా తెలుగు ఎక్కిస్తే పేర్ల చోట ప్రశ్నార్థకాలే మిగులుతాయి, మొదటి రోజే అంతా యూటీఎఫ్-8లో పెట్టుకోవాలి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పాత జాబితాలను యూనికోడ్‌లోకి మార్చాక మనిషి కూర్చుని ఒత్తులు, అంకెలు సరిచూడక తప్పదు.

అన్నిటికంటే ముఖ్యం ఆధారం గడి. ఏ వివరమైనా పాటల పుస్తకం, టైటిల్ కార్డు, సెన్సార్ సర్టిఫికెట్, పత్రికా ప్రకటన, వీటిలో దేన్ని చూసి రాశారో, ఎవరు, ఎప్పుడు ఎక్కించారో పక్కనే ఉండాలి. ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీకి రెండు వరుసలు ఉండాలంటాను. 1931 సెప్టెంబర్ 15ని కూడా చెరపొద్దు. ‘తర్వాతి రచనల్లో కనిపించేది, సెన్సార్ తేదీ వల్ల చెల్లదు’ అని రాసి ఉంచాలి. తప్పును మాయం చేస్తే రేపు ఏ పాత పుస్తకంలోనో చూసి మళ్లీ ఎవరో దిద్దుతారు. కారణంతో సహా నిలబెడితే ఆ తప్పు మళ్లీ లేవదు.

వెబ్‌లో పెట్టడమంటే ఇల్లంతా తెరిచి పెట్టడం కాదు. ఫోన్ నంబర్లు, చిరునామాలు, పారితోషికాలు ప్రచురించే ఫైలులోకి రానేకూడదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచినా, మర్యాద అది. పనిచేసే డేటాబేస్ లోపల ఉండాలి, బయటకు చదవడానికి మాత్రమే వీలయ్యే ప్రతి వెళ్లాలి. రోజూ బ్యాకప్ తీయాలి, ఒక ప్రతి వేరే ఊళ్లో ఉండాలి. 2003లో పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ రీళ్లు దాచిన చోట నిప్పంటుకుని పాత నైట్రేట్ రీళ్లు ఎన్నో బూడిదయ్యాయి. అలా పోయిన సినిమాల గురించి మిగిలేది కాగితం మీది వివరాలే. ఆ కాగితాలు ఇప్పుడు మద్రాసులోనూ ఆంధ్రదేశంలోనూ సేకర్తల బీరువాల్లో ఉన్నాయి. సేకర్తల వయసు పెరుగుతోంది.

ఇదంతా పెద్ద హీరోల కోసం కాదు. వాళ్ల వివరాలు అభిమానులు కంఠతా చెబుతారు. కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకుని ముప్పై ఏళ్లు మేకప్ అసిస్టెంటుగా, ఎడిటింగ్ అసిస్టెంటుగా చేసినవాళ్ల పేర్లు టైటిల్ కార్డులో రెండు సెకన్లు మెరిసి పోతాయి. తాను ఏ సినిమాలకు పనిచేశాడో చూపించమంటే ఆ మనిషి దగ్గర ఏముంటుంది? 24 క్రాఫ్టుల పేర్లూ ఎక్కిన డేటాబేస్ అతని సర్వీసు రిజిస్టరు.

పని ఛాంబర్ ఎత్తుకోవాలి. 1950 దాకా వచ్చిన తెలుగు సినిమాలు కొన్ని వందలకు మించవు, అక్కడ మొదలుపెడితే చాలు. సినిమా చరిత్ర తెలిసిన ఒకరికి, డేటాబేస్ తెలిసిన ఒకరికి రెండేళ్ల జీతం ఇవ్వండి. సేకర్తల ఇళ్లకు వెళ్లి పాటల పుస్తకాలు వాళ్ల ముందే స్కాన్ చేయించి, ఆధారం గడిలో వాళ్ల పేరు వేయండి. వికీడేటా లాగా ఎవరైనా వాడుకునే లైసెన్సుతో వదలండి. ఒక్క సినిమా ప్రమోషన్‌కు పెట్టే ఖర్చులో చిన్న వాటా ఇది. 1950 పూర్తయ్యాక 1960 దానంతట అదే నడుస్తుంది, ఎందుకంటే అప్పటికి గడులు కుదిరి ఉంటాయి, తప్పు చూపించేందుకు వేలమంది తెలుగువాళ్లు సిద్ధంగా ఉంటారు.