బండి మార్చే ముందు పనిముట్టు చూడండి

తొలకరి దగ్గర పడుతున్నకొద్దీ సంఘం కార్యాలయానికి వచ్చే సభ్యులు ఒకే సంగతి అడుగుతున్నారు. ఇంట్లో ఉన్న 20 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ ఇచ్చేసి 45 హెచ్‌పీది తెచ్చుకోవాలా, లేక దీనికే ఇంకో రెండు పనిముట్లు కొనుక్కోవాలా? 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాతది మార్చుకోమని షోరూంల వాళ్లకు అదొక ఊపు. తగ్గింపు రోటావేటర్‌కూ కల్టివేటర్‌కూ కూడా వర్తిస్తుందని మాత్రం గట్టిగా చెప్పరు.

మా మాట ముందే చెబుతాం. ఐదారు ఎకరాల లోపు రైతుల్లో ఎక్కువమందికి పెద్ద ట్రాక్టర్ సొంతంగా అక్కర్లేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో ఒక హెక్టారు. అంటే రెండున్నర ఎకరాలు. అంత చెక్కలో పెద్ద బండి దున్నేదానికంటే మలుపులు తిరిగేదే ఎక్కువ.

పత్తిలో మూడడుగుల సాళ్ల మధ్య కలుపు తీయాలన్నా, బత్తాయి తోటలో కొమ్మల కింద దున్నాలన్నా చిన్న బండే దూరుతుంది. పత్తి ఏపుగా ఎదిగాక అదీ దూరదు, అప్పుడు ఎడ్లే దిక్కు. ఆ ఎడ్లు ఊళ్లో ఎన్ని మిగిలాయన్నది వేరే కథ. పైగా తడి ఆరని నేలలో రెండు టన్నుల బండి తిరిగితే కింద పొర గట్టిపడుతుంది, వేరు దిగదు.

పెద్దది కావలసిన పనులూ ఉన్నాయి, కాదనం. వేసవి లోతు దుక్కి, దిగబడే నల్లరేగడిలో దమ్ము, నిండు లోడు ట్రక్కు. వీటిని మొండిగా చిన్న బండితో లాగిస్తే క్లచ్ పోతుంది. కానీ అవి ఏడాదిలో ఎన్ని గంటలు?

ఒక లెక్క వేద్దాం. పెద్దదానికి మారడానికి పైన ఐదు లక్షలు అప్పు చేశారనుకోండి. పది శాతం వడ్డీ అయితే మొదటి ఏడాది వడ్డీయే 50 వేలు. గంటకు 1,200 కిరాయి అనుకున్నా, ఆ డబ్బుతో నలభై గంటలకు పైగా పెద్ద ట్రాక్టర్ మీ పొలంలో తిరుగుతుంది. అసలు, డీజిలు, రిపేర్లు ఇంకా లెక్కలోకి రాలేదు. కిరాయికి తిప్పి కట్టేస్తామనేవారు ఊళ్లో ఇప్పటికే ఎన్ని బళ్లు కిరాయి కోసం ఎదురుచూస్తున్నాయో చూడాలి. కిస్తీ తప్పితే ఫైనాన్స్ వాళ్లు తోలుకుపోయేది బండినే.

ఇక పనిముట్లు. ఇంజను హెచ్‌పీ కాదు, పీటీవో దగ్గర అందే హెచ్‌పీ అడగండి. 20 హెచ్‌పీకి మూడడుగుల రోటావేటర్ చాలు, ఐదడుగులది దాని పని కాదు. వెనక చక్రాల జాడను కప్పేంత వెడల్పు ఉందో లేదో టేపు పెట్టి కొలవండి. హైడ్రాలిక్ ఎన్ని కిలోలు ఎత్తుతుందో చూడండి. మరొకటి, చాలా చిన్న ట్రాక్టర్లకు వెనక లింకేజీ ఇరుకు. వాటి పనిముట్లు రేపు కొనే పెద్దదానికి నేరుగా తగలవు. కాబట్టి రెండేళ్లలో మారక తప్పదని తెలిసినవారు ఇప్పుడు పనిముట్ల మీద డబ్బు పోయకండి.

2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం వరకు, మిగతావారికి 40 శాతం రాయితీ ఉంది. పాసుపుస్తకం లేని కౌలుదారుకు అది అందడం గగనం. వారికీ ఇవ్వాలని, అద్దె యంత్ర కేంద్రాల్లో లోతు దుక్కి నాగలితో సహా పెద్ద ట్రాక్టర్ సీజనులో సిద్ధంగా ఉంచాలని, గంట రేటు బోర్డు మీద రాయాలని మేము కోరుతున్నాం. మీ మండలంలో ఇప్పుడు నడుస్తున్న కిరాయి రేట్లు ఈ నెలాఖరులోగా రాసి పంపండి. వచ్చే సంచికలో అన్నీ ఒక్కచోట వేస్తాం.