ఇటాలియన్‌కి వీడియో పాఠం ఉంది, సవరకి ఎందుకు లేదు?



మా హాస్టల్లో ఇప్పుడు కొత్త సరదా, ఫోన్లో ఇటాలియన్ నేర్చుకోవడం. ఇటలీలో పేద పిల్లలకి స్కాలర్‌షిప్ ఇస్తారని విన్నాం, అక్కడ మొదలైంది. ఆ సాఫ్ట్‌వేర్ అంతా వీడియోల మీదే నడుస్తాది. ఒకావిడ కూరగాయలు బేరమాడుతుంటే కింద అక్షరాలొస్తాయి. తెలియని మాట మీద వేలు పెడితే అర్థం చెప్తాది, నెమ్మదిగా మళ్లీ పలుకుతాది. మనం పలికితే విని తప్పో ఒప్పో చెప్తాది. బాగుంది, నేర్చుకుంటాం.

మరి సీతంపేట కొండల మీద ఊళ్లకి పోస్టింగ్ వచ్చిన నర్సమ్మకి, మాస్టారికి సవర నేర్పే ఇలాంటిది ఒక్కటైనా ఉందా? మేం వెతికినంతలో పాటలు దొరికాయి, డ్యాన్సులు దొరికాయి. పాఠాలు దొరకలేదు. మన డ్యాన్స్ కావాలి గానీ మన మాట ఎవరికీ అక్కర్లేదేటి?

భాష నేర్చుకోవడం ఎప్పుడూ మన పనే అయిపోయింది. బడికెళ్లి తెలుగు నేర్చుకున్నాం, కాలేజీకొచ్చి ఇంగ్లిష్ కోసం కొట్టుకుంటన్నాం. మన దగ్గర జీతం తీసుకునేవాళ్లు మాత్రం రిటైరయ్యేదాకా సవర ముక్క రాకుండా గడిపేయొచ్చు. ఆస్పత్రిలో మన అవ్వ తన ఒంటి బాధ మనవడి చేత తెలుగులో చెప్పించుకోవాలి. ఆడవాళ్ల సంగతులు పద్నాలుగేళ్ల కుర్రాడి నోట! సగం చెప్పకుండానే ఇంటికొచ్చేస్తాది.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని గిడుగు రామ్మూర్తి పంతులు గారి ఫొటోకి దండలేస్తారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవరవాళ్లని ఇంట్లో పెట్టుకుని మన భాష నేర్చుకున్న మనిషాయన. మన పిల్లలకి బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారు. ఆ దండలేసే ఆఫీసర్లలో ఎంతమందికి "ఎక్కడ నొప్పి?" అని సవరలో అడగడం వచ్చు?

లిపి లేదు కదా అంటారు. ఒడిశాలో మంగేయి గొమాంగో 1936లోనే సొరంగ్ సొంపెంగ్ లిపి చేశారు. ఇక్కడ బడి పుస్తకాలు తెలుగు అక్షరాల్లో వచ్చాయి. అయినా వీడియోకి లిపి గొడవేటి? సవరలో గొంతు దగ్గర టక్కున ఆగే శబ్దం ఉంది, దానికి తెలుగులో అక్షరమే లేదు. పుస్తకం చూసి పలికితే తప్పే వస్తాది. మాట్లాడే మనిషిని చూసి, విని నేర్చుకుంటే వస్తాది. మాట్లాడేవాళ్లు తక్కువనీ అనొద్దు, 2011 జనాభా లెక్కల్లోనే దేశం మొత్తం మీద నాలుగు లక్షలు దాటాం.

ఒక జాగ్రత్త. తెలుగు వాక్యం ముందు పెట్టుకుని సవర మాటలు అతికిస్తే కుదరదు. మనది ముండా కుటుంబం, తెలుగుతో చుట్టరికం లేదు. క్రియలోనే వస్తువు పేరు కూడా కలిపేసి ఒక్క మాటలో చెప్పేస్తాం. అందుకే ఆ వీడియోల్లో మాట్లాడాల్సింది మన అవ్వలు, తాతలే. ఊరికే కాదు, కూలి కట్టించి. (కువి, గదబ గురించి ఆ ఊళ్లవాళ్లే రాస్తే బాగుంటాది, మేం సవర పిల్లలం.)

సీతంపేట ఐటీడీఏనీ, 2019లో విజయనగరం జిల్లాకొచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాన్నీ అడుగుదాం: ఆస్పత్రి, రేషన్ డిపో, అంగన్‌వాడీ, బస్సు మాటలతో యాభై చిన్న వీడియోలు తియ్యండి. కొండ మీద పోస్టింగ్ వచ్చినవాళ్లకి అవి చూపించి, సవరలో మాట్లాడించి, పాసైతేనే ప్రొబేషన్ తియ్యండి. అర్జీ రాస్తన్నాం, సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తాం. సంతకాలకి అవ్వల్ని కూడా తీసుకురండి.