అమ్మ పెట్టదు... అడుక్కు తిననివ్వదు

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ పథకం కూలీల హాజరును ఫోను యాప్‌లో ఫొటోతో పంపాలని 2023 జనవరి 1 నుంచి కేంద్రం తప్పనిసరి చేసింది. ఫొటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. రైతు పంట నమోదుకూ, విద్యార్థి కౌన్సెలింగ్‌కూ, ఉద్యోగి ఆఫీసు పనికీ నెట్ కావాల్సిందే. అది ఇప్పుడు విలాసం కాదు, బతుకు అవసరం. నీళ్లివ్వని పాలకులు సీమ పల్లెకు కనీసం నెట్ అయినా అందనిస్తున్నారా?

మన ఊళ్లు దూరం దూరం. నేల బండరాయి. తవ్వి కేబుల్ వేస్తే గిట్టదని పెద్ద కంపెనీలు పట్టణాల దగ్గరే ఆగిపోతాయి. ఇలాంటి చోట తక్కువ ఖర్చులో అయ్యే దారి వైర్‌లెస్. ఫైబర్ ఆగిన చోట టవర్ మీద ఒక రేడియో, కొన్ని కిలోమీటర్ల అవతల ఊళ్లో మిద్దె మీద మరో రేడియో బిగిస్తే చాలు. ఈ పని మన నిరుద్యోగ ఇంజనీరు చేయగలడు, మన కేబుల్ ఆపరేటర్ చేయగలడు. చేయనిస్తున్నారా అన్నదే ప్రశ్న.

2018 అక్టోబర్‌లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్రం ప్రకటించింది. మంచిదే. కానీ దానికి రక్షణ లేదు. పక్కవాడి రేడియో అడ్డం తగిలి ఊరంతా నెట్ ఆగినా అడిగే దిక్కు లేదు. రక్షణ ఉన్న స్పెక్ట్రమ్ కావాలంటే వేలంలో కొనాలి. ఆ వేలం జరిగేది సర్కిల్ లెక్కన. జిల్లా స్థాయి ఆపరేటర్‌కు సి కేటగిరీ ఇంటర్నెట్ లైసెన్సు ఇస్తారు, జిల్లాకు సరిపడా స్పెక్ట్రమ్ మాత్రం అమ్మరు. పైగా 2014 జూన్ 2న రాష్ట్రం రెండు ముక్కలైనా, ఢిల్లీ టెలికాం పటంలో తెలంగాణ, ఆంధ్ర కలిసి ఇంకా ఒకే సర్కిల్! కళ్యాణదుర్గంలో నెట్ ఇవ్వాలనుకున్నవాడు ఆదిలాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా కొనాలట! ఇదెక్కడి న్యాయం?

ఇక నిబంధనల బరువు చూడండి. 2021 జూన్ 15 నుంచి పరికరాలు కేంద్రం నమ్మిన సంస్థల నుంచే కొనాలి. 2021 డిసెంబర్‌లో చందాదారుల నెట్ వాడకం రికార్డులను రెండేళ్లు దాచాలన్నారు. 2022 ఏప్రిల్‌లో సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో చెప్పాలన్నారు. దేశ భద్రతను మేము కాదనం. సైబర్ మోసగాళ్లను పట్టుకోవడానికి రికార్డులు అవసరమే. కానీ కోట్లాది చందాదారులున్న కంపెనీకీ, రెండు వందల ఇళ్లకు నెట్ ఇచ్చే కుర్రాడికీ ఒకే కొలతా? ఏనుగు గొలుసు మేక మెడకు కడితే మేక కాపాడబడదు, చస్తుంది.

దారి లేక కాదు. అమెరికాలో 2020లో 3.5 గిగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను కౌంటీల లెక్కన, అంటే మన జిల్లాల్లాంటి ముక్కలుగా వేలం వేశారు. 228 మంది దక్కించుకున్నారు. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

మన దగ్గర 2018 టెలికాం విధానం 2022 నాటికి కోటి వైఫై కేంద్రాలన్నది. ఆ లక్ష్యం కాగితం మీదే మిగిలింది. 2020 డిసెంబర్‌లో లైసెన్సు, రుసుము లేకుండా వీధి దుకాణమే వైఫై అమ్ముకోవచ్చని పీఎం వాణి తెచ్చారు. కానీ ఆ దుకాణాలకు కంపెనీలు మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వకుండా ఖరీదైన లీజు లైన్లు అంటగట్టాయి. ట్రాయ్ కళ్లు తెరిచి, ఇంటి కనెక్షన్ ధరకు రెట్టింపు మించరాదని కట్టడి చేసింది 2025 జూన్‌లో. నాలుగున్నరేళ్లు ఎవరి లాభానికి పోయాయి?

మా డిమాండ్లు స్పష్టం. స్పెక్ట్రమ్‌ను జిల్లాల లెక్కన ఇవ్వాలి. రికార్డులు దాచే ఖర్చును చిన్న ఆపరేటర్ మీద మోపకుండా ప్రభుత్వమే ఉమ్మడి ఏర్పాటు చేయాలి. అనుమతుల కోసం రాజధాని చుట్టూ తిప్పకుండా జిల్లా కేంద్రంలోనే తేల్చాలి.

మన ఎంపీలు పార్లమెంటులో ఈ ప్రశ్న అడిగేదాకా విద్యార్థులు, ఉద్యోగులు వారిని నిలదీయాలి. మీరు రారు, మా పిల్లలను చేసుకోనివ్వరు. ఇక ఆ నాటకం సాగనివ్వం.