ఈ పాట ఎవరిది?

ఈ సంచికను అమెరికా కంట్రీ సంగీతానికి కేటాయించాం. 2024లో బియాన్సే 'కౌబాయ్ కార్టర్' వచ్చినప్పుడు ఇది అసలు కంట్రీయేనా అన్న వాదన రేగింది. మరుసటి ఏడాది అదే ఆల్బమ్‌కు గ్రామీల్లో ఉత్తమ ఆల్బమ్ పురస్కారం దక్కింది. ఆ వాదనే మమ్మల్ని 1927 నాటి బ్రిస్టల్ దాకా తీసుకెళ్లింది.

టెనెసీ, వర్జీనియా సరిహద్దులోని ఆ ఊళ్లో రాల్ఫ్ పీర్ రికార్డు చేసిన కార్టర్ కుటుంబం, జిమ్మీ రాడ్జర్స్ ఈ సంగీతానికి పునాది వేశారంటారు. నిజమే. కానీ ఆ తర్వాత ఎ.పి. కార్టర్ పాటల కోసం ఊరూరా తిరిగినప్పుడు తోడున్నది నల్లజాతి గిటారిస్టు లెస్లీ రిడిల్. కార్టర్ మాటలు రాసుకుంటే రిడిల్ బాణీలు గుర్తుపెట్టుకునేవాడు. బాంజో మూలాలూ ఆఫ్రికావే. రికార్డు కంపెనీలు మాత్రం 1920ల్లోనే నల్లవారి పాటలకొక జాబితా, తెల్లవారి పల్లెపాటలకొక జాబితా పెట్టి అమ్మాయి. ఆ గీత వ్యాపారం గీసింది, పాట గీసింది కాదని మా గట్టి నమ్మకం.

ఈ సంచికలోని రచనలన్నిటా ఆ నమ్మకమే కనిపిస్తుంది. అలాంటి గీతలు రంగు దగ్గరే ఆగలేదు: గని కార్మికుడి కూతురు లొరెట్టా లిన్ 1975లో గర్భనిరోధక మాత్ర మీద పాడితే చాలా రేడియో స్టేషన్లు ఆ పాట వేయలేదు. అలాంటి గొంతులకే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం. పేజీ తిప్పే ముందు ఒక మనవి: కంట్రీ సంగీత రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీ తొలి తారల్లో ఒకరైన నల్లజాతి కళాకారుడు డిఫోర్డ్ బెయిలీ హార్మోనికాపై రైలును పలికించిన రికార్డు వినండి.