గడ్డానికి మాస్కు, జనానికి జరిమానా

మాస్కు పనిచేస్తుందా? పనిచేస్తుంది. ముక్కూ నోరూ మూసి, చెంపల పక్కన సందు లేకుండా పెట్టుకుంటే గాలిలో వచ్చే వైరస్ ముప్పు తగ్గుతుంది. పూర్తిగా పోదు, తగ్గుతుంది. ఈ మాత్రం మాట సూటిగా చెప్పడానికి 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పెద్ద పెద్ద ఆరోగ్య సంస్థలకు నోరు రాలేదు. మాస్కులు కొనకండి, మీకు వాటితో పని లేదని ఫిబ్రవరి చివర్లో అమెరికా సర్జన్ జనరల్ జనాన్ని మందలించారు. ఏప్రిల్ 3న అదే ప్రభుత్వం గుడ్డయినా కట్టుకోండంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5 దాకా మీనమేషాలు లెక్కపెట్టింది. ఆస్పత్రులకు మాస్కులు చాలవన్న భయం నిజమైనదే. అప్పుడు ఆ మాటే చెప్పాలి. కొరతను కప్పిపుచ్చడానికి శాస్త్రాన్ని అడ్డం పెట్టుకుంటే, తర్వాత చెప్పిన నిజాన్ని ఎవరు నమ్ముతారు?

నిజానికి మాస్కు కాపాడుతుందన్నది కొత్త పాఠమేమీ కాదు. 1910-11లో చైనాలోని మంచూరియాను ఊపిరితిత్తుల ప్లేగు ఊడ్చేస్తుంటే, డాక్టర్ వూ లియెన్-తె పలచని గుడ్డ, దూది పొరలతో మాస్కు చేయించి పెట్టుకోమన్నారు. ఫ్రెంచి వైద్యుడు మెస్నీ ఆ మాట లెక్కచేయక మాస్కు లేకుండానే రోగుల దగ్గరికి వెళ్లారు. కొద్దిరోజులకే ప్లేగుతో చనిపోయారు.

ఇక మాస్కులపై జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన కొక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్ష. మాస్కులు దండగని అది తేల్చేసిందని ఊదరగొట్టారు. అలా అర్థం తీయడం తప్పని ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే ప్రకటించాల్సి వచ్చింది. పెట్టుకోమని చెప్పినంత మాత్రాన వ్యాప్తి ఎంత తగ్గుతుందో తేలలేదన్నదే అందులోని సంగతి. చెప్పడం వేరు, జనం పెట్టుకోవడం వేరు కదా!

ఆ తేడా తెలియాలంటే బంగ్లాదేశ్ చూడాలి. అక్కడ 600 గ్రామాల్లో, దాదాపు 3.4 లక్షల మంది పెద్దలతో పరీక్ష జరిగింది. పరిశోధకులు ఇంటింటికీ ఉచితంగా మాస్కులిచ్చారు, సంతల్లో, మసీదుల్లో పంచారు, పెట్టుకోని వారికి మర్యాదగా గుర్తుచేశారు. సరిగ్గా పెట్టుకునేవారు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. సగం మందైనా పెట్టుకోకపోయినా, సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో లక్షణాలున్న కోవిడ్ సుమారు 11 శాతం తగ్గింది. అరవై దాటిన వారిలో 35 శాతం తగ్గింది. గుడ్డ మాస్కుల విషయంలో అంత స్పష్టమైన ఫలితం రాలేదు.

మరి మనం చేసిందేమిటి? తెలంగాణలో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా వేశారు. దాంతో మాస్కు వైరస్‌కు కాక కానిస్టేబుల్‌కు అడ్డమైంది. కూడలి దగ్గర గడ్డం మీంచి ముక్కు మీదికి, కూడలి దాటగానే మళ్లీ గడ్డం కిందికి. ఆరుబయట ఒంటరిగా బండి మీద పోయేవాడికి చలానా, తలుపులు బిగించిన ఏసీ ఫంక్షన్ హాల్లో వందలమంది కబుర్లాడుతుంటే అడిగే దిక్కు లేదు. ఫోన్ మోగితే మాస్కు దించి మాట్లాడే వీరుల సంగతి సరేసరి. కవాటమున్న ఎన్-95 వదిలే గాలిని వడకట్టదని 2020 జులైలో కేంద్రం హెచ్చరించాక కూడా అవి ముఖాల మీద దర్జాగా తిరిగాయి. ఎన్-95లోని విద్యుదావేశపు పొర సబ్బునీళ్లకు పాడవుతుందని ఎంతమందికి చెప్పారు?

మాస్కును తప్పుపట్టలేం. తప్పు దాన్ని పోలీసు పనిగా మార్చిన పాలకులది. మళ్లీ వైరస్ వచ్చేలోగా సర్జికల్ మాస్కులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నిల్వ ఉండాలి, ఆశా కార్యకర్తల చేతుల మీదుగా ముందు ముసలివాళ్లున్న ఇళ్లకు చేరాలి. ఆస్పత్రిలో డాక్టరుకిచ్చే ఎన్-95 అదే వార్డు ఊడ్చే మనిషికీ ఇవ్వాలి. ఆ ఏర్పాటు చేయలేని ప్రభుత్వానికి చలానా పుస్తకం పట్టుకునే హక్కు లేదు.