కొత్త సైకిల్‌కు పాత గేర్లు

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని సామెత. ఈ వార్షికోత్సవం సందర్భంగా హాస్టల్‌కు ఒక రోడ్డు సైకిల్ కట్టించి ఇద్దామని పూర్వ విద్యార్థులం కూర్చున్నప్పుడు ఈ సామెత మా మధ్య చర్చకు వచ్చింది. ఫ్రేము, చక్రాలు, బ్రేకులు కొత్తవే కొందామని అందరం ఒప్పుకున్నాము. గేరు మార్చే లివర్లు మాత్రం పాతరకానివి వేయిద్దామని మాలో కొందరం అన్నాము. "హాస్టల్ పిల్లలంటే ఎప్పుడూ పాతవేనా?" అని ఒక మిత్రుడు నొచ్చుకున్నాడు. ఆ మాట మమ్మల్నీ తాకింది. అన్న విడిచిన చొక్కా, సీనియర్ చదివిన చిరిగిన గైడు వాడి పెరిగినవాళ్లమే మనమంతా. అందుకే మా అభిప్రాయానికి కారణాలు ఇక్కడ మీ ముందుంచుతున్నాము.

ఒకప్పుడు రోడ్డు సైకిళ్లకు గేరు లివర్లు ఫ్రేము కింది గొట్టం మీద ఉండేవి. లివర్ రాపిడితో నిలిచేది. గేరు సరిగా పడిందో లేదో చైను చప్పుడు విని తెలుసుకోవాలి. 1984లో జపాన్ కంపెనీ షిమానో ఒక టిక్కుకు ఒక గేరు పడే లివర్లు తెచ్చింది. 1990లో అదే కంపెనీ గేరును, బ్రేకును ఒకే లివర్‌లో కలిపింది. 2009లో బ్యాటరీతో పనిచేసే గేర్లనూ అమ్మకానికి తెచ్చింది. వెనక పళ్లచక్రాలు క్రమంగా 8 నుంచి 12కు పెరిగాయి.

కొత్తవాటి సుఖాన్ని మేము కాదనము. బ్రేకు మీద నుంచి చేయి తీయకుండానే గేరు మార్చవచ్చు. పందేలకు వెళ్లేవారికి అది పెద్ద లాభం. కానీ మా ప్రశ్న ఒకటే. మేమంతా ఎవరి ఊళ్లకు వాళ్లం వెళ్లిపోయాక లివర్ చెడిపోతే ఎవరు బాగుచేయాలి? 2016లో జగిత్యాల జిల్లా అయింది, బీర్పూర్ మండలం అయింది. అయినా గేరు, బ్రేకు కలిసిన లివర్ లోపలి చిన్న స్ప్రింగు ఊళ్లోని సైకిల్ షాపులో దొరకదు. ఆ లివర్లలో గ్రీజు గట్టిపడితే టిక్కు పట్టదు. పాతరకం లివర్‌ను పానా, స్క్రూడ్రైవర్‌తో విప్పి తుడిచి మళ్లీ బిగించవచ్చు.

ఇంకో సంగతి. 8 పళ్లచక్రాల సెట్టులో చక్రానికీ చక్రానికీ మధ్య దూరం 4.8 మిల్లీమీటర్లు. 10 ఉన్నదాంట్లో 3.95 మాత్రమే. దూరం తగ్గినకొద్దీ వైరు కొంచెం సాగినా గేరు తప్పుతుంది.

కాబట్టి కింది గొట్టానికి బిగించే 8 గేర్ల పాత లివర్లు తీసుకుందామని మా సలహా. టిక్కుతోనూ, టిక్కు లేకుండానూ పనిచేసే రకం దొరుకుతుంది. ఏదైనా దెబ్బ తగిలి టిక్కు కుదరకపోతే పక్కనున్న రింగు తిప్పి రాపిడి మీద నడుపుకోవచ్చు. గేరు చెడినా బ్రేకు వేరుగా పదిలంగా ఉంటుంది.

పాతది కొనేటప్పుడు జాగ్రత్తలు తప్పవు. ప్రతి టిక్కూ వేసి చూడాలి. టిక్కుతో నడపాలంటే వెనక చక్రాలు కూడా 8 ఉండాలి. షిమానోలో డ్యూరా-ఏస్ 7400 రకం లివర్లు మిగతా రకాలతో కలవవు, వాటిని వదిలేయాలి. వైర్లు, చైను, బ్రేకు రబ్బర్లు మాత్రం కొత్తవే వేయాలి.

ఒక లోటు ఉన్నమాట నిజమే. గేరు మార్చాలంటే ఒక చేయి హ్యాండిల్ మీద నుంచి తీయాలి. తమ్ముళ్లారా, ముందు గ్రౌండులో నేర్చుకోండి. ఒంటిచేత్తో తిన్నగా నడపడం వచ్చాకే జగిత్యాల రోడ్డెక్కండి.

మా మిత్రుడికి మా జవాబు ఇది. మనల్ని అడగకుండా చేతిలో పెట్టిన పాత వస్తువు బాధ కలిగిస్తుంది. లాభనష్టాలు చూసి మనమే ఎంచుకున్న పాత వస్తువుతో ఆ బాధ లేదు. బాగుచేసే దారి లేక మెట్ల కింద దుమ్ము పట్టే కొత్త సైకిల్ ఎవరికీ ఉపయోగపడదు. సైకిల్ అప్పగించే రోజున ఇద్దరు తమ్ముళ్లకు గేరు వైరు మార్చడం నేర్పే వెళ్తాము. వాళ్లు తమ తర్వాతివాళ్లకు నేర్పితే మా కానుక నాలుగు కాలాలు నిలుస్తుంది.