అద్దం పగిలితే కూలి కొయ్యాలా?

ఐ.పోలవరం చుట్టుపక్కల పేటల్లో తాటాకు పాకల్లో పుట్టినోళ్ళం ఇవ్వాళ అద్దాల కిటికీలు పెట్టుకుంటున్నాం. పెట్టుకోవాలి! అంటరానివాడు పెంకుటిల్లు కట్టుకోవడం కూడా నేరంగా చూసిన ఊళ్ళ గురించి అంబేడ్కర్ రాశారు. అంత దూరం నుంచి వచ్చినోళ్ళం గనకే కొత్త కిటికీ మీద గీత పడితే గుండె మీద పడ్డట్టుంటుంది. దాన్ని కాపాడుకోవాలనుకోవడం తప్పు కాదు.

కానీ ఎవరి నుంచి కాపాడుకోవాలి? ఇక్కడే తేడా వస్తోంది. “తాపీవాళ్ళు పాడుచేశారు, రంగులోళ్ళు నాశనం చేశారు, కూలోళ్ళకి ఒళ్ళు తెలీదు” - ఈ మాటలు ఒకప్పుడు ఆసాముల అరుగుల మీంచి వినపడేవి. ఇప్పుడు ఉద్యోగాలొచ్చిన మనోళ్ళ నోటా వినపడుతున్నాయి. ఇటుక మోసేదెవరు? మాలు కలిపేదెవరు? పక్క పేట ఆడకూతురే గదా!

అసలు కిటికీ ఎందుకు పాడవుతోంది? పని వరస తప్పడం వల్ల. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందని ప్లాస్టింగు కాకముందే రెక్కలు బిగించమంటాడు ఇంటాయన. సర్కారు ఇల్లయితే బిల్లు దశలవారీగా వస్తుంది గనక ఆ తొందర వేరు. పైన మాలు కొడుతుంటే కింద అద్దం మీద పడక ఎక్కడ పడుతుంది? ముహూర్తం పెట్టినాయనకి దక్షిణ, మాలు కొట్టినోడికి తిట్లు!

వరస ఇది. గోడతోపాటు నిలబెట్టే చెక్క చట్రాలకి ముందే అవిసె నూనో, ప్రైమరో పట్టించాలి. గోడకి నీళ్ళు కొట్టినన్నాళ్ళూ చెక్క తడుస్తూనే ఉంటుంది. మన కోనసీమ గాలిలో చెమ్మ సరేసరి. ప్లాస్టింగు, గచ్చు, మొదటి కోటు రంగు అయ్యాకే రెక్కలు, అద్దాలు పెట్టాలి. ముందే పెట్టాల్సొస్తే ఖాళీ ఎరువుల సంచులు విప్పి కుట్టి రెండువైపులా కట్టాలి. పరంజా కర్రలు కిటికీకి కట్టనివ్వొద్దు. ఎక్కడానికి నిచ్చెన మనమే ఇస్తే కిటికీ గట్టు ఎవరూ తొక్కరు.

సిమెంటు చిందితే తడిగా ఉన్నప్పుడే ధారాళంగా నీళ్ళు పోసి కడగాలి. ఎండాక తాపీతో గీకితే ఇసక రేణువులు అద్దాన్ని కోస్తాయి. సిమెంటులో క్షారం ఉంది, వదిలేస్తే అద్దం మీద, అల్యూమినియం మీద మచ్చ తినేస్తుంది. గ్రిల్లు వెల్డింగు నిప్పురవ్వలు తగిలినా అద్దానికి గుంటలు పడతాయి. కాబట్టి ఆ పని దూరంగా పెట్టించాలి. ఇవన్నీ చెయ్యడానికి సంచులు, నీళ్ళు, ఒక మనిషి రోజు కూలి కావాలి. ఆ ఖర్చు ఇంటాయనది. పని మొదలెట్టే రోజే మేస్త్రి గారిని కూర్చోబెట్టి మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోండి. “ఒరే” అని పిలిచి, తర్వాత జాగ్రత్త లేదంటే ఎలా వస్తుంది జాగ్రత్త?

ఇక కూలి కోత. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 2019 నాటి వేతనాల కోడ్ - రెండూ చెప్పింది ఒకటే. ఆ మనిషికి ప్రత్యేకంగా అప్పజెప్పిన వస్తువు, అతని నిర్లక్ష్యం వల్లే పాడవ్వాలి. ముందు సంజాయిషీ అడగాలి. కోత నష్టానికి మించకూడదు. ఫ్యాక్టరీ యజమానికే ఇంత కట్టుబాటుంటే, ఒక్క అద్దానికి ఆడకూలి వారం డబ్బులు ఆపేసే హక్కు మనకెవరిచ్చారు?

2022లో కొత్త జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో దళిత మంత్రి ఇల్లు తగలబెట్టారు. ఆ చేతులు వేరు, చెయ్యిజారి మన అద్దం పగలగొట్టిన కూలి చేతులు వేరు. ఆ తేడా తెలియకపోతే మనం చదివిన చదువెందుకు?

ఉద్యోగులైన సోదరులారా! అద్దం మళ్ళీ కొనుక్కుందాం. చీకటిపడే వేళకి కూలి మాత్రం లెక్క తప్పకుండా చేతిలో పెడదాం. అంబేడ్కర్ పటం గోడకి తగిలించే ముందు, ఆ గోడ కట్టినోళ్ళకి బాకీ లేకుండా చూసుకుందాం.

జై భీమ్!